అమ్మమ్మగారి గోడ గడియారం ఇంట్లో ఉండగా 45 వేల ఫ్రెంచి గడియారం ఎందుకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నెల్లూరులో అమ్మమ్మగారి ఇల్లు అమ్మినప్పుడు గంటలు కొట్టే పాత గోడ గడియారం ఒకటి మీ వాటాకు వచ్చింది, అది నడవడం లేదు. చెన్నై వేళచ్చేరిలో కొత్త ఫ్లాటు కొన్నారు, హాల్లో దానికి తోడుగా ఇంకో రెండు మూడు పాత గడియారాలు పెట్టాలని ఉంది. ఒక షాపులో బంగారు రంగు బొమ్మలున్న ఫ్రెంచి బల్ల గడియారం 45 వేలు చెప్పాడు. అది కొనొచ్చా, ఈ సరదా ఎక్కడ మొదలుపెట్టాలి, రాత్రిళ్లు గంటల మోతకి పాప లేస్తుందని మీ ఆవిడ అంటున్నారు, దానికేం చేయాలి అని.

ముందు 45 వేల సంగతి. ఇప్పుడే కొనకండి. అది నకిలీదని నేననడం లేదు, చూడకుండా ఎలా అంటాను? బొమ్మ ఎంత బాగుందో మీరు నాలుగు వాక్యాలు రాశారు. వెనక తలుపు తెరిచి చూశారా లేదా, లోపల ఏ మెషీన్ ఉంది అన్నదాని గురించి ఒక్క ముక్క లేదు. నేనూ సరిగ్గా ఇలాగే మొదలుపెట్టి దెబ్బ తిన్నాను.

1994లో నాకు మద్రాసు బదిలీ అయింది. సెంట్రల్ పక్కనున్న పాత మూర్ మార్కెట్ 1985లోనే కాలిపోయినా, పాత సామాన్లు అమ్మేవాళ్లు ఆ చుట్టుపక్కలే ఉండేవారు. ఒక కొట్లో రోజ్‌వుడ్ పెట్టె, పైన చెక్కిన కిరీటం, తెల్లటి డయల్ మీద ఆన్సోనియా అన్న అమెరికా కంపెనీ పేరు చూసి మనసు పారేసుకున్నాను. "ఇదు జమీన్ వీట్టు పీస్ సార్" అన్నాడు, జమీందారు ఇంటిదట. 2,200 చెప్పి 1,900కి ఇచ్చాడు. కొట్లో ఠంగున గంటలు కూడా కొట్టింది. ఇంటికొచ్చాక రెండు రోజులు నడిచి మూడో రోజు ఆగిపోయింది. "కొత్త చోటు కదా, అలవాటు పడాలేమో" అంది మా ఆవిడ.

ట్రిప్లికేన్‌లో ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు, అందరూ బాయ్ అని పిలిచేవారు. ఆయన దగ్గరికి మోసుకెళ్లాను. నేను మురిసిపోయిన డయల్ వంక ఆయన చూడనే లేదు. పెండ్యులం తీసి పక్కన పెట్టాడు. డయల్ మరలు విప్పి, కంటికి అద్దం బిగించుకుని ఒక నిమిషం లోపలికి చూసి, "డయల్ అమెరికా, మెషీన్ జర్మనీ, పెట్టె మైలాపూరు" అన్నాడు. తర్వాత ఒక్కొక్కటే చూపించాడు. మెషీన్‌ని వెనక చెక్కకి పట్టి ఉంచిన మరలు నాలుగైతే చెక్కలో చిల్లులు ఏడున్నాయి. అంటే ఆ పెట్టెలో అంతకుముందు వేరే మెషీన్ కాపురం చేసింది. డయల్‌లో కీ పెట్టే కన్నాలు లోపలి ఇరుసులకు ఎదురుగా రాక, ఒకదాన్ని ఆకురాయితో రాచి కోడిగుడ్డులా చేశారు. పెండ్యులం మరింకో గడియారానిది, ఆ మెషీన్‌కి బరువెక్కువ, అందుకే మూడో రోజుకి ఆయాసం.

ఇలాంటివాటిని అసెంబుల్డ్ పీస్ అంటారు. మార్కెట్లో దొరికేవాటిలో ఇవి చాలా ఎక్కువ. కొనకూడదని కాదు. బాయ్ తగిన పెండ్యులం వేసి ఇచ్చాక నాది ముప్పై ఏళ్లుగా నడుస్తూనే ఉంది. అసెంబుల్డ్ అని తెలిసి ఆ ధరకి కొనడం వేరు, జమీందారు ఇంటిదని నమ్మి కొనడం వేరు.

షాపుకి వెళ్లేటప్పుడు చిన్న టార్చి, భూతద్దం జేబులో వేసుకోండి. వెనక తలుపు తెరవనివ్వనంటే ఆ షాపులోంచి బయటికొచ్చేయండి. లోపల రెండు ఇత్తడి పలకలు, మధ్యలో చక్రాలు ఉంటాయి. చక్రాల ఇరుసుల కొనలు పలకల్లోని చిన్న చిన్న రంధ్రాల్లో తిరుగుతుంటాయి. మీరు చూడాల్సింది ఆ రంధ్రాలే. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి గుండ్రంగా ఉన్న రంధ్రం ఒక పక్కకి సాగుతుంది. చుట్టూ నల్లటి జిడ్డు పేరుకుంటుంది. ఆ నలుపు ఉత్త దుమ్ము కాదు, అరిగిన లోహం పొడి నూనెలో కలిసి అలా అవుతుంది. దీనికి సరైన రిపేరు, రంధ్రాన్ని పెద్దది చేసి కొత్త ఇత్తడి బుష్, అంటే చిన్న గొట్టం ముక్క, వేయడం. బద్ధకస్తుడి రిపేరు ఇంకోటుంది: రంధ్రం చుట్టూ పంచ్ పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేసి లోహాన్ని లోపలికి నెట్టేస్తాడు. కొన్నాళ్లు నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది. భూతద్దంలో చూస్తే ఆ రంధ్రం చుట్టూ మశూచి మచ్చల్లా గుంటలు కనిపిస్తాయి. ఒకటో రెండో ఉంటే బుష్‌ల ఖర్చు ధరలోంచి తీసేసి బేరమాడండి. పలకంతా మచ్చలే ఉంటే వదిలేయండి.

తర్వాత పెద్ద ముల్లుని ముందుకే తిప్పుతూ, ప్రతి గంట దగ్గరా ఆగి, కొట్టడం పూర్తయ్యేదాకా ఉండి వినండి. వెనక్కి తిప్పొద్దు. నాలుగింటికి ఐదు కొట్టిందని మొహం చిట్లించకండి, అది రోగమేమీ కాదు. చాలా పాత గడియారాల్లో గంటలు కొట్టే భాగానికి ముళ్లు ఎక్కడున్నాయో తెలియదు. అంచున గాడులు కోసిన ఒక చక్రం ఉంటుంది, గాడికీ గాడికీ మధ్య దూరాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు అంటూ వరసగా కొట్టుకుంటూ పోతుంది. పన్నెండు గంటల్లో మొత్తం 78 దెబ్బలు, అరగంటకోటి కూడా కొట్టేదైతే 90. ఎవరో ముల్లు వెనక్కి తిప్పినా, గంటల స్ప్రింగుకి కీ ఇవ్వడం మరిచినా లెక్క తప్పుతుంది. లోపల దానికో తీగ ఉంటుంది, దాన్ని వేలితో ఎత్తి వదిలితే ఇంకోసారి కొడుతుంది. ముళ్లు చూపే గంటకి కలిసేదాకా అలా కొట్టిస్తే సరి. ఈ చిన్న విషయం తెలియక "పాడైపోయింది" అని చవగ్గా అమ్మేసేవాళ్లున్నారు, నా దగ్గరున్న ఒకటి అలా వచ్చిందే.

డయల్ సంగతి తొందరగా చెప్పేస్తాను. పింగాణీ డయల్ మీద వెంట్రుకవాసి పగుళ్లుంటే పరవాలేదు, వయసుకి సహజం. కాగితం డయల్ అయితే అంకెల అంచుని భూతద్దంలో చూడండి, రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే మొన్న ప్రింటరులోంచి వచ్చినట్టు. నాలుగుకి రోమన్ అంకె ఐవీ (IV) బదులు నాలుగు నిలువు గీతలుంటే తప్పు అనుకోకండి, పాత డయళ్లలో అదే మామూలు. కొన్ని నకిలీలు మనకి అంత శ్రమ కూడా ఇవ్వవు. రెండు వైపులా ముఖాలున్న ఇత్తడి రైల్వే గడియారం ఒకటి నాకు చూపించారు, డయల్ మీద విక్టోరియా స్టేషన్, లండన్, 1747 అని ఉంది. ఆ స్టేషన్ తెరిచింది 1860లో. విక్టోరియా రాణి పుట్టిందే 1819లో. లోపల ప్లాస్టిక్ డబ్బా, పెన్సిల్ సెల్లు.

ఇక మీ బంగారు రంగు గడియారం. గడియారం అనగానే మన తెలుగువాళ్లకి సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకీ బయటికొచ్చి గంట కొట్టి వెళ్లే గడ్డం మనిషి గుర్తొస్తాడు. ఆయన కోసం జనం ముందే వచ్చి కూర్చుంటారు, వెనక ఆయన్ని నడిపించే మెషీన్ గురించి ఎవరూ అడగరు. ఫ్రెంచి బల్ల గడియారాల వ్యాపారమంతా ఈ స్వభావం మీదే నడుస్తుంది. పాతకాలపు మేలిరకం వాటిలో కంచు బొమ్మలకి బంగారాన్ని పాదరసంలో కలిపి పూసి, వేడి చేసి పాదరసాన్ని ఆవిరి చేసేవారు. ఆ ఆవిరికి పనివాళ్ల ప్రాణాలు పోయేవి. పందొమ్మిదో శతాబ్దం నడిచేకొద్దీ చవకరకాలు వచ్చాయి, జింకుతో పోతపోసి పైన బంగారు రంగు వేసినవి. తేడా తెలుసుకోవడానికి బోర్లించి, అడుగున ఎవరూ చూడని చోట గీరుకున్న మచ్చ వెతకండి. లోపల పసుపు కనిపిస్తే ఇత్తడో కంచో, బూడిద తెలుపు కనిపిస్తే జింకు. గోటితో తడితే ఇత్తడి మోగుతుంది, జింకు చప్పగా టక్కుమంటుంది.

మెషీన్ మరీ ముఖ్యం. అసలైన పాత ఫ్రెంచిది సాధారణంగా గుండ్రటి ఇత్తడి పలకలతో, అరచేతిలో పట్టేంత ఉంటుంది, వెనక పలక మీద జాపీ ఫ్రెర్ లాంటి తయారీదారు ముద్ర గుండ్రంగా కొట్టి ఉంటుంది. వెనక పలక మీద ఎఫ్‌హెచ్‌ఎస్ అన్న మూడు అక్షరాలు కనిపిస్తే మాత్రం అది జర్మనీ హెర్మ్‌లే కంపెనీ మెషీన్. ఆ కంపెనీ పుట్టిందే 1922లో. ఇటలీలో పోతపోసిన ఇత్తడి బొమ్మలకి ఈ మెషీన్ బిగించి మన చిన్నప్పుడు బోలెడు అమ్మారు. అవి మోసం కాదు, మెషీన్ కూడా మంచిదే, హాల్లో అందంగానే ఉంటాయి. రెండు వందల ఏళ్ల నాటిదని చెప్పి ఆ ధర అడగడమే మోసం. మీరు వెళ్లి ఆ మూడు అక్షరాలున్నాయేమో చూసి రండి. నా అనుమానం అవి ఉంటాయని.

మొదలుపెట్టడం అంటారా, మీరు ఎప్పుడో మొదలుపెట్టేశారు. అమ్మమ్మగారి గడియారం ఎక్కడినుంచి వచ్చిందో, ఎంతకాలం ఏ గోడకి ఉందో మీకు తెలుసు. అలాంటి ఖాయమైన చరిత్ర ఏ షాపువాడూ ఇవ్వలేడు. ముందు దాన్ని బాగు చేయించి, ఒక ఏడాది కీ ఇస్తూ, వింటూ కాపురం చేయండి. ఆ తర్వాత షాపుకెళితే మీ చెవే మీకు చెబుతుంది.

మన వైపు పాత ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి జర్మనీ, అమెరికా, జపాన్ గడియారాలు. మెషీన్ మీద నక్షత్రంలో జె అక్షరం ఉంటే జర్మనీ కంపెనీ యుంగ్‌హాన్స్, మార్కెట్లో జంగన్స్ అంటారు. పక్కన ఏ లేదా బి అక్షరం, రెండు అంకెలు ఉంటే అది తయారైన కాలం: బి 14 అంటే 1914 రెండో సగం. రెండు బాణాలు అడ్డంగా ఉంటే హాంబర్గ్ అమెరికన్ కంపెనీ, పేరులో ఊరూ దేశమూ రెండూ ఉన్నా అదీ యుంగ్‌హాన్స్ ఊరు ష్రాంబర్గ్‌దే. లంగరు, కిరీటం, జీ బీ అక్షరాలుంటే గుస్తావ్ బెకర్, ఆ జర్మనీ కంపెనీ ఉన్న ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. ఆన్సోనియా అమెరికా కంపెనీ, 1929లో దాని యంత్రాలు చాలావరకు సోవియట్ వాళ్లు కొని రష్యాకి తీసుకుపోయారు, కాబట్టి ఆన్సోనియా అని పేరుండి కొత్తగా మెరుస్తుంటే అనుమానించండి. జపాన్ సైకోషా 1892లో మొదలైంది, నేటి సైకోకి తండ్రి. నా మట్టుకు నాకు మొదటిసారి కొనేవాళ్లకి సైకోషా గోడ గడియారాలే ఇష్టం. గొప్ప పేరు లేదు కాబట్టి నకిలీ చేసేవాడి కన్ను తక్కువ, మెషీన్ మొండిది.

రెండు రకాలు మాత్రం ఇప్పుడే వద్దు. గాజు బుడ్డి కింద బంగారు గుండ్లు అటూ ఇటూ తిరిగే 400 రోజుల గడియారం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అదంతా వెంట్రుక లాంటి తీగ మీద వేలాడుతుంది, పాప ఒకసారి బల్ల ఊపితే అయిపోయింది. రెండోది, చీకట్లో మెరిసే ముళ్లున్న పాత అలారం టైమ్‌పీసులు. 1960లకి ముందువాటి మెరుపు చాలామటుకు రేడియం అనే రేడియోధార్మిక పదార్థం. రంగు మెరవడం మానేసినా రేడియం అక్కడే ఉంటుంది, అది సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. షెల్ఫులో మూసి ఉంటే వేరు, మీరు మాత్రం తెరిచి గీకడం, తుడవడం చేయొద్దు.

ఎక్కడ కొనాలి? కారైకుడిలో పాత సామాన్ల కొట్లున్న వీధి ఉంది, చెట్టినాడు ఇళ్లనుంచి వచ్చినవి అక్కడ నిజంగానే దొరుకుతాయి. అయితే ఇప్పుడు ప్రతి గడియారమూ చెట్టినాడు ఇంటిదే అంటారు. వాటన్నిటికన్నా మంచి చోటు మీ బంధువుల అటకలు. ఈసారి పెళ్లికి నెల్లూరో గూడూరో వెళ్లినప్పుడు పెద్దవాళ్లని అడిగి చూడండి, పెండ్యులం ఒక గదిలో, కీ పోపుల డబ్బాలో దొరుకుతాయి.

ఇప్పుడు మీ గడియారం. దయచేసి బ్రాసో పెట్టి తోమకండి, చెక్కకి కొత్త వార్నిష్ వేయించకండి. కొబ్బరి నూనె, కుట్టుమిషన్ నూనె, ఆ స్ప్రే డబ్బాలు ఏవీ లోపలికి వెళ్లకూడదు. కొబ్బరి నూనె కొన్నాళ్లకి జిగురవుతుంది, నేను తెరిచిన సగం గడియారాల్లో అదే. గడియారాల నూనె విడిగా దొరుకుతుంది, అది కూడా ఇరుసు కొనల దగ్గర సూదిమొన చుక్క, చక్రాల పళ్లకి అసలు వద్దు. మీరే విప్పాలన్న సరదా ఉన్నా స్ప్రింగు జోలికి వెళ్లకండి. నిండా చుట్టుకున్న స్ప్రింగు ఒక్కసారిగా వదిలితే వేలు కోసేస్తుంది. స్ప్రింగుని ముందు నెమ్మదిగా దించి, ఆ తర్వాతే మరలు విప్పే మెకానిక్‌ని వెతకండి. "స్ప్రింగు ఎలా దించుతారు?" అని అడగండి, ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వింటే మనిషి తెలిసిపోతాడు.

గోడకి తగిలించాక టిక్, టాక్ సమానంగా ఉన్నాయా వినండి. టిక్‌టాక్... టిక్‌టాక్... అని కుంటుతుంటే పెట్టె అడుగుభాగాన్ని కొంచెం ఎడమకో కుడికో జరిపి చూడండి. సమానంగా వినపడిన చోట పెన్సిలుతో గోడ మీద గీత గీయండి. నడిచి నడిచి ఆగిపోయే గడియారాల్లో చాలావాటికి జబ్బు ఇంతే. టైము తేడా వస్తే పెండ్యులం కింది నట్టు తిప్పాలి, గుండు పైకి వెళితే వేగం, కిందికి వస్తే నిదానం. పావు మీటరు పెండ్యులంలో ఒక్క మిల్లీమీటరు అంటే రోజుకి దాదాపు 3 నిమిషాలు, కాబట్టి పావు చుట్టు తిప్పి ఒక రోజు ఆగి చూడండి. ఇత్తడి కడ్డీ ఉన్నదైతే మన ఎండలకి సాగుతుంది, పది డిగ్రీలు పెరిగితే రోజుకి 8 సెకన్ల దాకా వెనకబడుతుంది. దానికి టెన్షన్ పడొద్దు. నా దగ్గరికి వచ్చిన ఒక గడియారం ఎంత సరిచేసినా వారానికి తొమ్మిది నిమిషాలు వెనకబడేది. "ఇది ఇంకా మద్రాసు టైములోనే ఉంది, వదిలేయ్" అన్నాడు బాయ్. 1906లో దేశమంతటికీ ఒకే టైము రాకముందు రైళ్లు మద్రాసు టైము మీదే నడిచేవి, అది ఇప్పటి టైముకి సుమారు 9 నిమిషాలు వెనక.

వేళచ్చేరి కాబట్టి తేమ గురించి ఒక మాట. సముద్రపు గాలికి ఇనుము, స్టీలు భాగాలు తుప్పు పడతాయి, వానాకాలంలో పెట్టె మీద అతికించిన పల్చటి చెక్క పొర లేస్తుంది. బాత్‌రూము అవతలున్న గోడ, వంటింటి గోడ, ఏసీ గాలి నేరుగా తగిలే చోటు వద్దు. ఏడాదికోసారి దించి వెనక చెక్కకి చెద పట్టిందేమో చూడండి.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ అన్నయ్య అమెరికాలో ఉన్నారని రాశారు. వందేళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి రావచ్చు, అలాంటివాటిని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. ఆయన ఒకటి పట్టుకెళతానంటే ముందు పురావస్తు శాఖ దగ్గర అది పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోవాలి, ఎయిర్‌పోర్టులో వాదించి లాభం లేదు.

చివరిగా పాప నిద్ర. గడియారానికి కీ పెట్టే కన్నాలు రెండుంటే సాధారణంగా కుడిది టైముకి, ఎడమది గంటలకి. ఎడమదానికి కీ ఇవ్వడం మానేస్తే గంటలు కొట్టదు, టైము నడుస్తుంది. నేను చెప్పిన గాడుల చక్రం రకానికి ఇది క్షేమం. వేరే రకం ఒకటుంది, గంటల లెక్కని ముళ్ల వైపునుంచే తీసుకుంటుంది. అందులో గంటల స్ప్రింగు దిగిపోయి ఉంటే పన్నెండు, ఒంటిగంట మధ్య మొత్తం గడియారమే ఇరుక్కుని ఆగిపోవచ్చు. మీది ఏ రకమో తెలిసేదాకా రెండిటికీ కీ ఇవ్వండి. సుత్తి మొనకి అంటుకున్న పాత తోలు ముక్క రాయిలా గట్టిపడి ఉంటుంది, దాన్ని మార్పించి కొత్త మెత్తటి తోలు వేయిస్తే ఠంగుమనే మోత సగానికి తగ్గి పక్కగదికి మెల్లగా వినిపిస్తుంది. మా మనవరాలు ఆ చప్పుడులోనే పెరిగింది. ఇప్పుడు సెలవులకి వచ్చినప్పుడు గడియారం ఆగితే నిద్ర పట్టడం లేదని తనే లేచి కీ ఇస్తుంది.

మీ గడియారం పెండ్యులం తీసి, వెనక పలక మీద ఏ గుర్తుందో దగ్గరగా ఒక ఫొటో పెట్టండి. డయల్ ఫొటో అక్కర్లేదు.